ఆపకూడనిది

"ఆ స్విచ్చి మీద సెయ్యెయ్యకండి బాబూ!"

కుర్చీ లాక్కుంటూ ఆసరాకని గోడ మీద చెయ్యి ఆనించానంతే. గుమ్మంలో కూర్చున్న కూర్మమ్మ కేకకి ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాను. నా వేళ్లకు జానెడు దూరంలో స్విచ్‌బోర్డు. దాని పక్కన సున్నం మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు: ఆపవద్దు.

"ఆపితే ఏమవుతుందమ్మా?"

"మరి లెగదు. ఏణ్ణర్దం అయ్యింది దాన్ని ఆపి. రేత్రి ఆ టీవీ ఒక్కటీ కట్టీసి ఒగ్గేస్తాం. కింద డబ్బా అలగ గుర్రుమంటానే ఉంటాది, మా ముసలోడు పడుకున్నట్టు."

"టీవీ కాదత్తా, మానిటర్," అంది నీలవేణి.

అంత కష్టంలోనూ ఆమె అత్తగారి మాట సవరించడం నాకు కాస్త ధైర్యం ఇచ్చింది. పూర్తిగా కుంగిపోయిన మనిషి ఎదుటివాళ్ల తప్పులు దిద్దదు.

"హార్డ్ డిస్క్ పోయేలా ఉందండి మాస్టారూ. ఒకసారి ఆగితే మళ్లీ తిరగదన్నాడు రిపేరు లక్ష్ముడు. మార్చాల మార్చాల అనుకుంటానే..." ఆ మాట మధ్యలో వదిలేసి, చీర కొంగు చేతికి చుట్టుకుంది.

విజయనగరంలో నీలవేణి ఈ డి.టి.పి. సెంటరు పెట్టి చాలా ఏళ్లయింది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఫ్లెక్సీలు, వాటితోపాటు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ప్రశ్నపత్రాలు ఇక్కడే టైపవుతాయి. ఆ ప్రశ్నపత్రాల్లో ఒకటి, చరిత్ర పేపరు, పరీక్షకు ముందే పిల్లల ఫోన్లలోకి వెళ్లిపోయింది. ఫోన్లలో తిరిగిన బొమ్మలన్నీ ఈమె కంప్యూటర్ తెరవే. రేపు పొద్దున్న అరెస్టు చేసి కోర్టుకు తీసుకెళతామని పోలీసులు ఇంటికొచ్చి చెప్పి వెళ్లారు. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. నాకున్న గడువు ఇంతే.

నేను జగన్నాధం. ఈ ఊళ్లోనే లెక్కల లెక్చరర్‌గా పనిచేశాను. కాలేజీకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటినీ నాకే అంటగట్టారు. ఆ పుణ్యమా అని రిటైరయ్యాక ఇలాంటి కేసులు నన్ను వెతుక్కుంటూ వస్తున్నాయి. ఈ కేసుకు మాత్రం నేనే వచ్చాను. మా ఆవిడ పోయినప్పుడు కార్డు వేయించడానికి కాలు బయట పెట్టలేకపోయాను. నీలవేణే ప్రూఫు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఒక్క అచ్చుతప్పు లేదు. ఫోటో చుట్టూ గీసే నల్లంచు కూడా అడక్కుండానే సన్నగా వేసింది. అలాంటి సంగతులు మనిషి మర్చిపోడు.

"తొలేళ్ల రోజు సాయంత్రం, ఆ పేపరు టైపు చేసినప్పుడు, ఏం జరిగిందో చెప్పు," అన్నాను.

"మర్నాడు సిరిమాను పండగ కదండి, వీధి నిండా జనమే. హిస్టరీ సారు మధ్యాహ్నం సేతిరాత కాయితం ఇచ్చి వెళ్లేరు. ఎవరూ సూడకూడదని షట్టరు సగం దించీసి ఆరింటికి కూసున్నాను. ఏడున్నరకి అయిపోయింది. ప్రింటు తీసి కవర్లో పెట్టి అంటించీసేను. కంప్యూటర్లోది తీసీసేను. సేతిరాత కాయితం కాల్చీమని అత్తకిచ్చేను."

"నీళ్లపొయ్యిలో ఎట్టినాను," అంది కూర్మమ్మ. "బూడిద కూడా కెలికినాను బాబూ. అమ్మోరి మీద ఒట్టు."

"ఆ టైములో షాపులో ఇంకెవరున్నారు?"

"అత్తా, నేనూ. అంతేనండి."

"నీ ఫోను?"

"మేడ మీద ఛార్జింగులో ఉన్నాది."

పిల్లల ఫోన్లలో తిరిగిన నాలుగు బొమ్మలూ నా ఫోన్లో ఉన్నాయి. ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. ఫోనుతో తెరను ఫోటో తీస్తే వచ్చే మెరుపు, వంకర ఎక్కడా లేవు. తెర తన బొమ్మ తానే తీసుకున్నంత శుభ్రంగా ఉన్నాయి. మూలనున్న గడియారం ప్రకారం మొదటిది ఆరూ ఇరవై. తరవాత ఆరూ నలభై, ఏడు, ఏడూ ఇరవై.

ఆరూ నలభై బొమ్మలో ఆఖరి వాక్యం ఇలా ఉంది: 'విజయనగర సామ్రాజ్య పతనానికి దారితీసిన పరి'. అక్కడితో ఆగిపోయింది. పక్కనే కర్సరు గీత.

"ఇక్కడ టైపు ఎందుకు ఆపావు?"

ఆమె ముందుకు వంగి చూసింది. "ఆపలేదండి. 'పరిస్థితులు' అని కొడతన్నాను. మధ్యలో ఎందుకాపుతాను?"

మిగతా మూడూ చూశాను. మూడూ మాట మధ్యలోనే తెగాయి. పేపరు అమ్ముకోవాలనుకున్న మనిషి టైపు పూర్తయ్యాక బొమ్మ తీస్తుంది. రెండు చేతులూ అక్షరాల మీద పరుగెడుతుండగా, సరిగ్గా ఇరవై నిమిషాలకోసారి, సగం మాట దగ్గర తియ్యదు. తీసింది గడియారం చూసుకుని పనిచేసేది. దానికి మాటలతో పని లేదు.

"నెట్టు తీగ ఎక్కడ?"

"పీకీసేనండి. మొన్న పోలీసులు మొదటిసారి వచ్చి వెళ్లినాక భయమేసి పీకీసేను. తప్పా?"

"తప్పు కాదమ్మా. ఈ వారంలో ఎవరైనా చేసిన మంచి పని అదొక్కటే."

కంప్యూటర్ డబ్బా మీద దసరాకి కూర్మమ్మ పెట్టిన పసుపూ కుంకుమా ఇంకా చెరిగిపోలేదు. మానిటర్ అంచుకీ, మౌస్‌కీ, ప్రింటర్‌కీ బొట్లే. ఆ బొట్ల మధ్య తెర వెలిగింది. కింద కుడి మూలన చిన్న డాలు బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత.

"యాంటీవైరస్ ఎందుకు ఆపేశావు?"

"అదుంటే వొత్తులు ఎగిరిపోతాయి కదండి!" నాకు తెలియకపోవడమే వింత అన్నట్టు చూసింది. "మా డి.టి.పి. వాళ్లెవరం పెట్టుకోం. ఒకసారి శుభలేఖలో 'పద్మ' అని కొడితే 'పదమ' అని పడింది. పెళ్లివారు కొట్టడానికొచ్చేరు. తెలుగు ఎక్కించే ముందు డాలు ఆపీయాలని లక్ష్ముడు సెప్పేడు. అప్పట్నుంచీ ఆపీసే ఉంచుతాం."

నాకు సంగతి అర్థమైంది. వీళ్లు వాడే తెలుగు ప్రోగ్రాం అసలుది కాదు, తాళం పగలగొట్టిన కాపీ. ఆ తాళం పగలగొట్టే ముక్కను యాంటీవైరస్ దొంగగా గుర్తుపట్టి తీసేస్తుంది. దాంతో తెలుగు కుంటుపడుతుంది. కాపలావాడు తన పని తాను చేస్తే, వొత్తులు తినేస్తున్నాడని వాడినే నిద్రపుచ్చారు. అదీ ఊరంతా కలిసి.

"ఈ తెలుగు ఎప్పుడు ఎక్కించాడు?"

"దసరాకి ముందరండి. కొత్త వెర్షనొచ్చింది, వొత్తులు ఇంకా బాగా పడతాయని పెన్‌డ్రైవ్ తెచ్చి ఎక్కించేడు."

"అతనికి ఎవరిచ్చారు?"

"తెలీదండి. రెండ్రోజుల్నుంచి ఫోను కలవడం లేదు. పాతపట్నంలో అత్తారింటికెళ్లేడని సెప్పుకుంటన్నారు."

లోపల ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో జాబితా తెరిచాను. ఒకటి ప్రింటర్ పేరు పెట్టుకుని ఉంది. ప్రింటర్ తీగ పీకేశాను. అయినా అది తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఎక్కడ కాపురముంటోందో చూస్తే ప్రింటర్ ఫోల్డర్లో కాదు, తెలుగు ప్రోగ్రాం ఫోల్డర్లో. ఆపాను. మాయమైంది. ఊపిరి తీసుకునేలోగా మళ్లీ జాబితాలో అదే చోట వచ్చి కూర్చుంది.

దాచిన ఫోల్డర్లు కనిపించేలా మార్చి అక్కడే వెతికాను. ఒక ఫోల్డర్ నిండా బొమ్మలు. నెట్టు తీగ పీకినప్పటి నుంచి బయటకు పోలేక పేరుకుపోయినవి. ఎవరిదో శుభలేఖ, సగం దాకా. ఎవరిదో కులధ్రువీకరణ దరఖాస్తు. నీలవేణి తన లాయరుకి రాసుకున్న కాగితం: 'నాకు ఏ పాపమూ తెలి'. అక్కడ తెగింది. ఆ రోజు ఆమె ఒంటరిగా కూర్చుని రాసుకున్న మాటల వెనక ఎవరో నిలబడి చూస్తున్నారు.

మేము చూస్తుండగానే ఫోల్డర్ చివర కొత్త బొమ్మ వచ్చి చేరింది. తెరిచాను. అందులో ఇదే ఫోల్డర్, ఇవే బొమ్మలు, నా మౌస్ బాణం.

నీలవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మనల్నే తీసిందేటండి?"

"దీన్ని ట్రోజన్ అంటారు. పిలిచిన పెళ్లికి వచ్చినవాడిలా చేతిలో శుభలేఖ పట్టుకుని దర్జాగా లోపలికి వచ్చిన దొంగ. తెలుగు తీసుకొచ్చానన్నాడు. మనమే తలుపు తీసి, కాపలావాణ్ణి పడుకోబెట్టాం."

"తీసీండి మాస్టారూ దాన్ని. ఇప్పుడే తీసీండి!"

ఏం చెప్పను? సరిగ్గా తియ్యాలంటే కంప్యూటర్‌ని ఒకసారి ఆపి, అది లేవకముందే వేరే దారిన లోపలికి వెళ్లాలి. ఇది ఆగితే లేవదు. పైగా రేపు నీలవేణిని కాపాడే సాక్ష్యం కూడా ఆ దొంగే. వాణ్ణి చంపితే ఆమె తరఫున చెప్పేవాళ్లు ఉండరు. గుర్తుపట్టడం వరకే నా చేతిలో ఉంది.

"ముందు డిస్కు మొత్తానికి నకలు తీస్తాను. ముక్కలుగా పట్టుకెళితే కోర్టులో నిలవదు," అని నా డ్రైవ్ తగిలించాను. నకలు మొదలైంది. తెర మీద పచ్చ గీత చీమలా కదిలింది. మూడు గంటలు పడుతుందని చూపించింది.

కూర్మమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకుంది. బయట జీపు ఆగింది.

ఎస్సై తిరుమలరావు షట్టరు కింద నుంచి తల వంచి లోపలికి వచ్చాడు. ఇంటర్‌లో నా దగ్గర లెక్కలు చదివాడు. నేనడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోయినా గట్టిగా చెప్పేవాడు.

"ఏటి మాస్టారూ, మేం సీజ్ సెయ్యాల్సిన సామాను మీద మీ సెయ్యి పడిందే? రిటైరైనాక మనవల్తో ఆడుకోవాల గానీ కేసుల్తో ఏటండి?"

"మనవలు లేరు తిరుమలరావూ. కూర్చో. నీకొకటి చూపించాలి."

సగం మాటలు చూపించాను. ఎర్ర గీత పడ్డ డాలు చూపించాను. ప్రింటర్ పేరు పెట్టుకున్న దొంగను ఆపి, అది మళ్లీ లేవడం చూపించాను. తల ఊపుతూ విన్నాడు.

"బాగానే ఉన్నాది. బొమ్మ తియ్యడానికి కీబోర్డులో ఒక్క బటన్ సాలు కదండి. టైపు కొడతానే మధ్యలో ఆవిడే నొక్కీసుంటాది. ఈ ఫోల్డరూ ఆవిడే పెట్టుకోలేదని గేరంటీ ఏటి?"

"సరిగ్గా ఇరవై నిమిషాలకోసారా?"

"తెలివైన మనిషి కదా మరి."

"నాకంత తెలివుంటే ఈ బతుకెందుకు సార్!" అంది నీలవేణి. గొంతు లేచింది, వెంటనే అణిగిపోయింది.

తిరుమలరావు ఆమె వైపు చూడలేదు. "నాకు ఆర్డరున్నాది మాస్టారూ. కంప్యూటర్ పట్టికెళ్లాల."

"తీసుకెళ్లు. కాదనను. కానీ నకలు అయ్యేదాకా ఆగు. దీన్ని ఆపకూడదు. డిస్కు పాడైంది. ఆగితే మళ్లీ తిరగదు."

"పోలీసొచ్చిన్నాడే పాడైపోనాదా?"

"గోడ మీద రాసుంది చూడు. అది ఇవాళ రాసింది కాదు."

చూశాడు. ఒక్క క్షణం అతని ముఖంలో పాత విద్యార్థి కనిపించాడు, జవాబు తెలియనప్పటి విద్యార్థి. అంతలోనే గట్టిగా అన్నాడు: "అందరూ ఇలాగే సెప్తారండి." స్విచ్చి కట్టేశాడు.

కంప్యూటర్ ఆగలేదు. బల్ల కింద యు.పి.ఎస్. పీప్, పీప్ అని కూయడం మొదలుపెట్టింది. ఇంకా బతికే ఉంది. నేను స్విచ్చి మళ్లీ వెయ్యబోయాను.

"ఏటీ గోల?" అంటూ తిరుమలరావు వంగి, యు.పి.ఎస్. మీది బటన్ నొక్కేశాడు.

గుర్రుమనే శబ్దం పోయింది. అది పోయాకే అంతసేపూ గది నిండా ఉన్నదని తెలిసింది.

నేనే అన్నీ మళ్లీ వేశాను. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. లోపల నుంచి టిక్కు, టిక్కు, టిక్కు. గోరుతో తలుపు గీరుతున్నట్టు. నల్లటి తెర మీద ఒక తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అదే. నా డ్రైవ్‌లోకి ఎక్కిన ముక్కలో తలా తోకా లేదు.

నీలవేణి ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, అక్షరాల మీద వేళ్లు ఆనించి, ఊరికే చూస్తూ ఉండిపోయింది. కూర్మమ్మ వచ్చి, జ్వరం చూసినట్టు డబ్బా మీద అరచెయ్యి వేసింది.

"సల్లబడిపోతంది," అంది.

మా ఆవిడ కార్డు కూడా ఆ డిస్కులోనే ఉంది. ఆ మాట నేను పైకి అనలేదు.

తిరుమలరావు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.  "హైదరాబాదు ల్యాబుకి పంపుతాం మాస్టారూ. అక్కడ తీస్తారు."

"ఎన్నాళ్లకి?"

తిరుమలరావు షట్టరు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాడు. చేసిన పని బరువు తెలిసింది. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియడం లేదు.

"సూడండి, మీరనుకున్నంత అన్యాయం అయిపోలేదు. ఇంకో దారున్నాది. హేమ అని ఒక స్టూడెంటు. ఆ పిల్లకి ఈ పేపరు నేరుగా వచ్చింది, మొదట పంపినోడి నంబర్నుంచే. మిగతా పిల్లలు భయపడి అన్నీ తుడిసీసేరు. ఈ పిల్ల దగ్గర అలాగే ఉన్నాది. ఆ నంబరు నీలవేణిది కాదని తేలితే ఆవిణ్ణి నేనే ఒదిలీస్తాను. ఉదయం పదింటికొచ్చి స్టేట్‌మెంటు ఇచ్చింది."

నీలవేణి తల ఎత్తింది.

"ఆ ఫోనేది?" అన్నాను.

"వాళ్లమ్మదట. ఇంట్లో ఒదిలీసొచ్చింది. శృంగవరపుకోట దగ్గర పల్లె. రేపు పొద్దున్న బస్సుకి తెస్తానన్నాది. ఇదిగో, మీకు నమ్మకం లేకపోతే సూడండి." తన ఫోను నా చేతికిచ్చాడు. "ప్రింటర్లో ఇంకు లేక, స్క్రీన్‌నే ఫోటో తీసి మా సి.ఐ. గారికి పంపేను."

స్టేషన్ కంప్యూటర్ తెర ఫోటో అది. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. వొత్తులన్నీ చక్కగా పడ్డాయి. అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఊరు, వీధి, తల్లి ఫోను నంబరు. ఆ ఫోనులో ఏముందో, ఎప్పుడు తెస్తుందో కూడా. సంతోషించాల్సిన మనిషిని. నా చూపు మాత్రం ఆ ఫోటో కింద కుడి మూలకు వెళ్లి అక్కడే నిలిచిపోయింది.

చిన్న డాలు. అడ్డంగా ఎర్ర గీత.

"తిరుమలరావూ, మీ స్టేషన్లో తెలుగు ఎవరు ఎక్కించారు?"

"ఇంకెవడండి? ఊర్లో అందరికీ ఎక్కించీవోడే. లక్ష్ముడు. దసరాకి ముందు కొత్తదేసేడు."

"నెట్టు ఉందా ఆ కంప్యూటర్‌కి?"

"లేకపోతే పనెలా అవుతాదండి? ఎప్పుడూ..."

అతని మాట కూడా మధ్యలోనే తెగింది. లెక్క అతనికే అర్థమైంది. ఉదయం పదింటికి అతను ఒక్కో అక్షరమూ కొడుతుంటే, అతని వెనక నిలబడి చదువుకున్నవాడికి ఇప్పటికి నాలుగు గంటల పైనే దొరికాయి.

నా చేతిలోంచి ఫోను లాక్కుని నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. రింగు వెళ్లింది. మళ్లీ వెళ్లింది. కూర్మమ్మ పెదాలు కదుపుతోంది.

"హలో! ఎస్సై గారాండి?" ఉత్సాహంగా పలికింది ఆడపిల్ల గొంతు.

నలుగురం ఒక్కసారే ఊపిరి వదిలాం.

"హేమా, ఎక్కడున్నావమ్మా?"

"ఇంటికాడేనండి. మీరు పంపిన కానిస్టేబుల్ గారు ఇప్పుడే వచ్చేరు. అమ్మ టీ పెడతంది. ఈ ఫోను ఇచ్చీమంటన్నారండి. ఇచ్చీబోతంటే మీరే చేసేరు."

తిరుమలరావు నా వైపు చూసి, శబ్దం రాకుండా పెదాలతో అన్నాడు: నేనెవర్నీ పంపలేదు.

స్పీకరు కట్టేసి ఫోను నేను తీసుకున్నాను. అతను నీలవేణి చేతిలోంచి ఆమె ఫోను అందుకుని, శృంగవరపుకోట స్టేషన్‌కి చెయ్యడానికి బయటకు పరుగెత్తాడు. జీపు స్టార్టయిన చప్పుడు. ఇక్కడి నుంచి ఎంత తోలినా ముప్పావుగంట. అక్కడివాళ్లు వెళ్లాలన్నా పావుగంట.

"హేమా, నేను లెక్కల మాస్టారిని, జగన్నాధాన్ని. ఎస్సై గారి పక్కనే ఉన్నాను. నేను చెప్పేది విను, ముఖంలో ఏమీ కనపడనివ్వకు. ఆ వచ్చినాయన మన మనిషి కాదు."

అవతల గ్లాసులు పెట్టిన చప్పుడు. ఎవరో పెద్దావిడ "పంచదార సరిపోయిందేటి బాబూ?" అని అడుగుతోంది.

"...సరేనండి," అంది హేమ. గొంతులో ఉత్సాహం పోయింది, కానీ వణుకు రాలేదు. ఎంత మంచి పిల్ల!

"ఈ ఫోను మాట్లాడుతున్నంతసేపూ అతను లాక్కోడు. ఎస్సైతో మాట్లాడుతున్నావని అనుకుంటాడు. పెట్టకు. ఎవరికీ ఇవ్వకు. సిగ్నల్ లేదని చెప్పి మెల్లగా వీధిలోకి నడువు. మీ అమ్మని కూడా పిలువు."

"అమ్మా, ఒకపాలి ఇటు రా," అంది. చెప్పుల చప్పుడు. ఇంతలో మగగొంతు, మర్యాదగా, దగ్గరలోంచి: "ఎక్కడికమ్మా? ఇక్కడ బాగానే ఇనబడతంది కదా."

నీలవేణి నా ముంజేయి పట్టుకుంది. ఆమె రేపటి రోజూ, ఆ పిల్ల ఈ పూటా రెండూ నా చెవి దగ్గర ఉన్నాయి. నాకు చేతనైనది ఒక్కటే. మాట్లాడటం.

"చెప్పమ్మా హేమా, ఏం చదువుతున్నావు? గట్టిగా చెప్పు. అతనికి వినపడాలి."

"బీయే ఫైనలియరండి..." అంది. ఆ వెంటనే, ఊపిరితో కలిపి, నాకు మాత్రమే వినిపించేలా: "సార్, దీంట్లో ఛార్జింగు లేదండి. ఎర్రగా వచ్చీసింది."

అవతల ఫోను పీప్ అంది. ఇందాక బల్ల కింద యు.పి.ఎస్. కూసినట్టే.